పాత స్పోర్ట్స్ కూపేకి ఏ ఇంజన్ ఆయిల్ పోయాలి: మాన్యువల్ నుంచి డ్రెయిన్ బోల్టు దాకా

పాత స్పోర్ట్స్ కూపే చేతికొచ్చిందని తెలియగానే అడక్కుండానే దొరికే సలహా ఒకటుంది: "బండికి వయసైంది కదా, కాస్త చిక్కటి ఆయిల్ పోసెయ్, ఏ గొడవా ఉండదు." ఈ సలహా కొన్ని ఇంజన్లకి నిజంగానే పనిచేస్తుంది, కొన్నిటికి చేటు చేస్తుంది, చాలావాటిలో అసలు జబ్బుని కొన్నాళ్లు కప్పిపెడుతుంది. మీ ఇంజన్ ఈ మూడింట్లో ఏ రకమో తేలకుండా డబ్బా కొనడం దండగ. అందుకే ఇక్కడ బ్రాండు గురించి దాదాపు మాట్లాడను. ముందు ఇంజన్, తర్వాత మాన్యువల్, ఆ పైన అంకెలు, అందులో కలిపిన రసాయనాలు, ఇంజన్ ప్రస్తుతం ఉన్న పరిస్థితి. ఇవన్నీ తేలాక షాపుకి వెళ్తే పది నిమిషాల పని.

పాత కూపే అంటే నా లెక్కలో 1960ల నుంచి సుమారు 2005 దాకా వచ్చినవి. ఎంజీబీ జీటీ, డాట్సన్ 240జెడ్, ఎయిర్‌కూల్డ్ పోర్షా 911, పోర్షా 944, టయోటా సుప్రా, హోండా ప్రెలూడ్, మాజ్డా ఆర్‌ఎక్స్-7, బీఎండబ్ల్యూ ఈ46 ఎం3, ఇలాంటివి. అన్నీ చూడ్డానికి రెండు తలుపుల బళ్లే అయినా లోపలున్న ఇంజన్లకి ఒకదానితో ఒకదానికి పొంతన లేదు. "స్పోర్ట్స్ కార్లకి బెస్ట్ ఆయిల్" అని ఎవరైనా ఒకే పేరు చెబితే అక్కడే ఆగిపోండి.

మొదటి అడుగు: బానెట్ కింద ఏముందో తేల్చుకోండి

కారు మోడల్ పేరు సరిపోదు, ఇంజన్ కోడ్ కావాలి. ఒకే మోడల్‌లో మూడు నాలుగు ఇంజన్లు వచ్చి ఉంటాయి, పైగా స్పోర్ట్స్ కార్లలో మధ్యలో ఎవరో ఇంజన్ మార్చేసిన బళ్లు తక్కువేం కాదు, కాబట్టి కాగితాల్లో ఉన్నదాన్ని నమ్మకుండా బ్లాకు మీద కొట్టిన నంబరు చూడండి. కోడ్ దొరికాక కొన్ని విషయాలు తెలియాలి.

అన్నిటికంటే ముఖ్యం, క్యామ్ (వాల్వులని తెరిచే గుబ్బలున్న షాఫ్టు) టాపెట్‌ని (ఆ తోపుని వాల్వు వైపు అందించే ముక్కని) ఎలా తాకుతోందన్నది. పాత పుష్‌రాడ్ ఇంజన్లలో (క్యామ్ కింద బ్లాకులో ఉండి, కడ్డీలతో పైనున్న వాల్వులని తోసేవి), అంటే ఎంజీబీలోనూ మొదటి తరం మస్టాంగ్, కమారో వీ8లలోనూ, క్యామ్ లోబ్ (గుబ్బ) నేరుగా టాపెట్ అడుగుభాగం మీద రాసుకుంటూ తిరుగుతుంది. వీటినే ఫ్లాట్ టాపెట్ ఇంజన్లు అంటారు. 240జెడ్‌లోని ఎల్24 ఇంజన్లో క్యామ్ పైన ఉన్నా, రాకర్ (వాల్వుని నొక్కే చిన్న మీట) దాని మీద జారుతూనే పనిచేస్తుంది, కాబట్టి దాన్నీ ఈ కోవలోనే వేసుకోవాలి. తర్వాత వచ్చిన రోలర్ టాపెట్లలో జారడం పోయి దొర్లడం వచ్చింది, రాపిడి బాగా తగ్గింది. సుప్రా 2జేజెడ్ లాంటి ట్విన్ క్యామ్ ఇంజన్లలో బకెట్ టాపెట్లు ఉంటాయి. అక్కడా జారుడు రాపిడే కానీ, బరువైన స్ప్రింగులున్న పాత వీ8లో పడేంత ఒత్తిడి పడదు. ఈ తేడా ఎందుకు అంత ముఖ్యమో ఐదో అడుగులో తెలుస్తుంది.

తర్వాత, ఆయిల్ ప్రెషర్‌తో నడిచే భాగాలేమైనా ఉన్నాయా? హోండా వీటెక్, బీఎండబ్ల్యూ వేనోస్, టయోటా వీవీటీ-ఐ (ఈ మూడూ వాల్వులు తెరుచుకునే తీరుని మార్చే ఏర్పాట్లు), హైడ్రాలిక్ టాపెట్లు, హైడ్రాలిక్ చైన్ టెన్షనర్లు, ఇవన్నీ సన్నటి దారుల్లోంచి వచ్చే ఆయిల్ మీదే బతుకుతాయి. వీటికి మరీ చిక్కటి ఆయిల్ పోస్తే, ముఖ్యంగా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, స్పందన మందగిస్తుంది.

టర్బో ఉందా? ఉంటే ఆ చిన్న షాఫ్టు చుట్టూ ఉన్న ఆయిల్ మామూలు ఇంజన్లో కంటే చాలా ఎక్కువ వేడిని భరించాలి, బండి గట్టిగా తోలి వెంటనే ఆపేస్తే అక్కడే మాడి బొగ్గులా గట్టిపడుతుంది. ఇలాంటి బండికి నా ఓటు నేరుగా మంచి సింథటిక్‌కే.

రోటరీ ఇంజన్ అయితే కథే వేరు. ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8లలో మీటరింగ్ పంపు ఒకటి ఉంటుంది, అది సంప్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నెలోని) ఇంజన్ ఆయిల్‌నే కొద్దికొద్దిగా దహన గదిలోకి పంపుతుంది, రోటర్ చివర ఉండే సీళ్లు అరగకుండా. అంటే ఆయిల్ కాలిపోవడం అక్కడ లోపం కాదు, డిజైనే అంత. కాబట్టి శుభ్రంగా కాలిపోయే ఆయిల్ కావాలి, పెట్రోలు కొట్టించినప్పుడల్లా డిప్‌స్టిక్ చూసుకోవాలి. చాలామంది రోటరీ ఓనర్లు నేటికీ మినరల్ ఆయిలే వాడుతూ తక్కువ దూరాలకే మార్చేస్తుంటారు, ఆ పద్ధతిలో తప్పేం లేదు.

ఎయిర్‌కూల్డ్ 911లో ఆయిల్ కూడా ఒక కూలెంటే. డ్రై సంప్ (ఆయిల్ విడి ట్యాంకులో ఉండే ఏర్పాటు) కాబట్టి చాలావాటిలో మొత్తం 10 లీటర్లకి పైగా పడుతుంది, లెవెల్ చూడాల్సింది ఇంజన్ బాగా వేడెక్కి, చదును నేల మీద ఐడిల్‌లో నడుస్తుండగా. ఇంజన్ చల్లగా, ఆగి ఉన్నప్పుడు డిప్‌స్టిక్ లాగి, "అయ్యో ఆయిలే లేదు" అని రెండు లీటర్లు పోసేస్తే, అది ఎయిర్ ఫిల్టర్లోకి ఎక్కి, సైలెన్సర్లోంచి పొగై వస్తుంది.

రెండో అడుగు: మాన్యువల్‌ని మనసుపెట్టి చదవండి

చాలామంది మాన్యువల్‌లో ఒక్క గ్రేడే ఉంటుందనుకుంటారు. పాత మాన్యువల్స్‌లో సాధారణంగా ఒక పట్టీ ఉంటుంది: బయటి ఉష్ణోగ్రత ఇంత నుంచి ఇంత దాకా ఉంటే ఈ గ్రేడు, అంతకు పైన ఉంటే ఆ గ్రేడు అని (గ్రేడు అంకెల అర్థం మూడో అడుగులో చెబుతా). చలిదేశంలో ఉన్నాయన 5డబ్ల్యూ-30 పోశానని చెబితే, ఎండలు మండే చోట ఉన్నాయన అదే కారుకి 20డబ్ల్యూ-50 పోశానని చెబితే, ఇద్దరూ మాన్యువల్ ప్రకారమే నడిచి ఉండొచ్చు. మీ ఊరి వాతావరణం ఆ పట్టీలో ఎక్కడ పడుతుందో చూసుకోండి, సగం పని అయిపోయినట్టే.

మాన్యువల్‌లో "ఏపీఐ ఎస్‌ఎఫ్" అనో "ఎస్‌జీ" అనో రాసి ఉంటుంది (ఏపీఐ అంటే ఆయిల్ నాణ్యతకి ప్రమాణాలు పెట్టే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్). అవి 1980ల నాటి ప్రమాణాలు, ఇప్పుడు అదే పేరుతో వెతకనక్కర్లేదు. ఏపీఐ అక్షరాలు ముందుకి నడుస్తాయి: ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎం, 2010లో ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ. కొత్తది పాతదాని స్థానంలో వాడుకోవచ్చన్నది సూత్రం. ఫ్లాట్ టాపెట్ల దగ్గర మాత్రం ఈ సూత్రానికి ఒక మెలిక ఉంది, అక్కడికి వస్తా. ఒక హెచ్చరిక: ఎస్‌ఏ, ఎస్‌బీ అని రాసున్న చవక డబ్బాలు కొన్ని చోట్ల ఇంకా కనిపిస్తాయి. ఎస్‌ఏ అనేది 1930 తర్వాత తయారైన చాలా ఇంజన్లకి పనికిరాదని ఏపీఐ వాళ్లే చెబుతారు. "పాత కారు కదా, పాత రేటింగు" అనుకుని అది కొనకండి.

మాన్యువల్ అచ్చయ్యాక కంపెనీ మనసు మార్చుకున్న సందర్భాలూ ఉంటాయి, కాబట్టి తర్వాత వచ్చిన సర్వీస్ బులెటిన్లు కూడా వెతకండి. ఈ46 ఎం3లోని ఎస్54 ఇంజన్ని తీసుకోండి. దానికి బీఎండబ్ల్యూ ఎం విభాగం చెప్పింది 10డబ్ల్యూ-60. అదే ఈ46లో మామూలు ఆరు సిలిండర్ల ఇంజన్ ఉన్న కూపేకి అంత చిక్కటి ఆయిల్ అక్కర్లేదు. పేరుకి రెండూ ఈ46 కూపేలే, ఆయిల్ మాత్రం పూర్తిగా వేరు.

మూడో అడుగు: 10డబ్ల్యూ-40 అంటే అసలేంటి

వెనకున్న అంకె వేడిలో చిక్కదనం. ఎస్‌ఏఈ జే300 ప్రమాణం ప్రకారం 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. హద్దులు ఎలా కలిసిపోయాయో చూడండి. 12.3 ఉన్న 30కీ 12.7 ఉన్న 40కీ మధ్య మీ బేరింగుకి తేడా తెలియదు, కానీ 12.7 ఉన్న 40కీ 16 ఉన్న 40కీ మధ్య ఖాయంగా తెలుస్తుంది. డబ్బా మీద మాత్రం రెండూ 40లే.

ముందున్న అంకె, డబ్ల్యూతో ఉన్నది, చలికాలానికి సంబంధించింది. 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర, 15డబ్ల్యూని మైనస్ 20, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర. అంటే నీళ్లు గడ్డకట్టని చోట బతికే కారుకి 5డబ్ల్యూనా 10డబ్ల్యూనా అని జుట్టు పీక్కోవడం అనవసరం. అక్కడ అంతకంటే పనికొచ్చే అంకె ఇంకోటుంది: డేటా షీటులో 40 డిగ్రీల దగ్గర ఇచ్చే చిక్కదనం. పొద్దున్నే బండి తీసేటప్పటి పరిస్థితికి దగ్గరగా ఉండేది అదే. మామూలు 5డబ్ల్యూ-40 అక్కడ 80, 90 సెంటీస్టోక్‌ల దగ్గర ఉంటే, 20డబ్ల్యూ-50 సుమారు 150 అటూ ఇటూ ఉంటుంది.

ఈ లెక్కలో ఒక సంగతి దాగుంది. వేడికి ఆయిల్ నీళ్లలా పల్చబడిపోతుందేమోనని అందరూ భయపడతారు కానీ, వేడెక్కిన ఆయిల్ కంటే చల్లటి ఆయిల్ ఆరేడు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ చిక్కగా ఉంటుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో ఇంజన్ పెనుగులాడుతున్నది చిక్కటి ఆయిల్‌తోనే. పైగా డాష్‌బోర్డులో నీళ్ల టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చేసరికి ఆయిల్ ఇంకా వేడెక్కి ఉండదు, దానికి మరో ఐదారు నిమిషాల డ్రైవింగ్ పడుతుంది. అప్పటిదాకా ఇంజన్‌ని రేజ్ చేయకుండా ఉండటం, ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా రాని లాభం తెచ్చిపెడుతుంది.

ముందు అంకెకీ వెనక అంకెకీ మధ్య దూరం ఎంత పెరిగితే అంత పాలిమర్ (వేడికి ఆయిల్ మరీ పల్చబడకుండా ఆపే పదార్థం) కలపాలి. 5డబ్ల్యూ-50, 10డబ్ల్యూ-60 లాంటి వాటిల్లో ఈ పాలిమర్లు నలిగి, తెగి, కొన్ని వేల కిలోమీటర్లకి ఆయిల్ తన గ్రేడు కంటే కిందికి జారొచ్చు. అందుకని అవసరం లేకుండా అంత వెడల్పు గ్రేడు తీసుకోకండి.

నాలుగో అడుగు: డబ్బా వెనక్కి తిప్పండి

ముందువైపు "రేసింగ్", "అల్టిమేట్", "టైటానియం" అని ఏవేవో ఉంటాయి. అవన్నీ వదిలేసి వెనకవైపు సన్నక్షరాలు చదవండి, తర్వాత ఆ ఆయిల్ డేటా షీటు ఫోన్లో తెరవండి. మీకు కావాల్సిన అంకె హెచ్‌టీహెచ్‌ఎస్. 150 డిగ్రీల వేడిలో, బేరింగులో నలిగే వేగంలో ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో అది చెబుతుంది. 1970లు, 80లు, 90ల స్పోర్ట్స్ ఇంజన్లలో ఎక్కువశాతానికి ఇది 3.5 కంటే తగ్గకూడదన్నది నేను పెట్టుకున్న గీత. ఆయిల్ ఇప్పుడున్నంత పల్చగా లేని రోజుల్లో ఆ బేరింగులు డిజైన్ చేశారు. 0డబ్ల్యూ-20 ఆయిల్‌కి కనీసం 2.6 ఉంటే చాలు, కాబట్టి అది ఎంత ఖరీదైనదైనా పాత కూపేకి వద్దు. తయారీదారు 30 గ్రేడే రాసిన జపనీస్ ఇంజన్లు ఉన్నాయి, వాటికి 3 పైన ఉన్న 30 గ్రేడు మామూలు రోడ్డు వాడకానికి బాగానే సరిపోతుంది.

యూరప్ ప్రమాణమైన ఏసీఈఏ కోడ్ చూస్తే ఈ పని సులువు. ఏ3/బీ4 అని ఉంటే హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5 లేదా అంతకంటే ఎక్కువ. సీ3 అన్నా 3.5 పైనే. ఏ5/బీ5 అంటే 2.9 నుంచి 3.5 మధ్య, అంటే పెట్రోలు ఆదా కోసం పల్చగా చేసింది.

రెండు 5డబ్ల్యూ-40 డబ్బాలు పక్కపక్కన పెట్టి చూద్దాం, ఇలాంటి జంట ఏ షాపులోనైనా దొరుకుతుంది. ఒకటి ఏ3/బీ4: 100 డిగ్రీల దగ్గర 14 చిల్లర, హెచ్‌టీహెచ్‌ఎస్ 3.7, సల్ఫేటెడ్ యాష్ (ఆయిల్ కాలాక మిగిలే బూడిద) 1.2 శాతం, టీబీఎన్ 10 పైన. రెండోది సీ3: చిక్కదనం దాదాపు అంతే, హెచ్‌టీహెచ్‌ఎస్ 3.6, యాష్ 0.8 శాతం, టీబీఎన్ 7 దగ్గర. రెండోది కొత్త డీజిల్ బళ్లలో పార్టిక్యులేట్ ఫిల్టర్ మూసుకుపోకుండా యాష్ తగ్గించి చేసిన ఆయిల్. మీ 1992 కూపేలో ఆ ఫిల్టరే లేదు. మరి ఆ ఫిల్టర్ కోసం తగ్గించిన వాటిని మీరెందుకు వదులుకోవాలి? టీబీఎన్ అంటే కాలినప్పుడు పుట్టే ఆమ్లాలని ఆయిల్ ఎంతవరకు విరిచేయగలదో చెప్పే అంకె. నెలకి రెండుసార్లు బయటికి తీసే బండికి అది ఎక్కువ ఉండటమే మంచిది. కాబట్టి మొదటి డబ్బా.

1990ల తర్వాతి జర్మన్ కార్లకి కంపెనీ ఆమోదాలు కూడా చూడొచ్చు: బీఎండబ్ల్యూ ఎల్‌ఎల్-01, పోర్షా ఏ40, మెర్సిడెస్ 229.5 లాంటివి. ఇక్కడ "ఆమోదించబడింది" అనే మాటకీ "అవసరాలకి తగినది" అనే మాటకీ తేడా గమనించండి. మొదటిది కార్ల కంపెనీ పరీక్షించి ఇచ్చింది, రెండోది ఆయిల్ అమ్మేవాడు తనకి తానే ఇచ్చుకున్నది.

ఐదో అడుగు: జింక్ గొడవ

పాత కార్ల దగ్గర ఆయిల్ మాటొస్తే జెడ్‌డీడీపీ రాకుండా ఉండదు. పూర్తి పేరు జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్, వాడుకలో జింక్ అంటారు. లోహం లోహం మీద గట్టిగా ఒత్తుకుంటూ జారే చోట, ఆ వేడికీ ఒత్తిడికీ ఇది విడిపోయి పల్చటి పొరలా అంటుకుంటుంది. లోహానికి బదులు ఆ పొర అరుగుతుంది, మళ్లీ పడుతుంది. ఫ్లాట్ టాపెట్ క్యామ్ లోబ్‌ని కాపాడేది ఈ పొరే.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఇందులోని ఫాస్ఫరస్ కొద్దికొద్దిగా కాలి సైలెన్సర్ దారిన పోతూ క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగాన్ని) పాడుచేస్తుంది. అందుకని పరిమితులు పెట్టారు. ఎస్‌ఎం కాలం నుంచి, అంటే 2004 నుంచి, పెట్రోలు ఆదా గ్రేడుల్లో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదు, పీపీఎంలో చెప్పాలంటే 800. ఫ్లాట్ టాపెట్ ఇంజన్లు తయారుచేసేవాళ్లు, బాగుచేసేవాళ్లు సాధారణంగా కోరుకునేది 1000 నుంచి 1400 దాకా.

చాలామందికి తెలియని సంగతి: ఆ పరిమితి అన్ని గ్రేడులకీ లేదు. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి వాటికే. 10డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకి ఏపీఐ ఎస్‌ఎన్‌లో పై హద్దు లేదు. కాబట్టి "ఎస్‌ఎన్ అంటే జింక్ లేదు" అని కొట్టిపారేయకండి, డేటా షీటులో ఫాస్ఫరస్ అంకె చూడండి, లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి, చాలా కంపెనీలు చెబుతాయి. షాపులో నిలబడి చేయగలిగే పరీక్ష ఒకటుంది: డబ్బా ముందువైపు ఏపీఐ వారి స్టార్‌బర్స్ట్ గుర్తు ఉంటే అది ఫాస్ఫరస్ తగ్గించిన ఆయిల్, ఫ్లాట్ టాపెట్ ఇంజన్‌కి వద్దు.

రోలర్ టాపెట్లున్నా, 1990ల ట్విన్ క్యామ్ జపనీస్ ఇంజన్ అయినా జింక్ గురించి టెన్షన్ పడకండి. నాలుగో అడుగులో ఎంచుకున్న ఏ3/బీ4లో సరిపడా ఉంటుంది.

విడిగా అమ్మే జింక్ సీసాల మీద నాకు నమ్మకం లేదు. ఆయిల్ తయారుచేసినవాళ్లు డిటర్జెంట్, డిస్పర్సెంట్, జింక్, అన్నీ ఒక పాళ్లలో కుదిర్చి పెట్టినదాంట్లో మనం అంచనాగా సగం సీసా వంపడం వల్ల మంచి జరుగుతుందో చెడు జరుగుతుందో చెప్పడం కష్టం. జింక్ ఎక్కువైతే మంచిదనీ లేదు, డిపాజిట్లు పెరుగుతాయి, కన్వర్టర్ ఉంటే అది పోతుంది. మొదటి నుంచే సరిపడా ఉన్న ఆయిల్ కొనడమే మేలు. ట్రక్కుల 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్ వాడేవాళ్లూ ఉన్నారు. సీజే-4 అనే డీజిల్ ప్రమాణంలో ఫాస్ఫరస్ 0.12 శాతం దాకా ఉండొచ్చు కాబట్టి అది పనికొచ్చే దారే, కాకపోతే డబ్బా మీద పెట్రోలు ఇంజన్ల ఎస్ రేటింగు కూడా ఉందో లేదో చూసుకోండి.

కొత్తగా క్యామ్, టాపెట్లు వేయించిన ఫ్లాట్ టాపెట్ ఇంజన్ అయితే మొదటి 20 నిమిషాలు అన్నిటికంటే ప్రమాదకరం. బ్రేక్-ఇన్ ఆయిల్ పోసి, స్టార్ట్ అయిన వెంటనే 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య పట్టి ఉంచాలి, ఐడిల్‌లో వదిలేయకూడదు. ఆ ఆయిల్ త్వరగా దించేసి మామూలుది పోయాలి.

ఆరో అడుగు: మినరలా, సింథటిక్కా

ఎక్కువసేపు ఆలోచించాల్సిన సంగతి కాదిది. "ఫుల్ సింథటిక్" అనే ముద్ర మీకు పెద్దగా ఏమీ చెప్పదు. 1999లో అమెరికాలో క్యాస్ట్రాల్, మొబిల్ మధ్య ప్రకటనల తగువు నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ దాకా వెళ్లి, బాగా శుద్ధిచేసిన గ్రూప్ 3 (ముడి చమురు నుంచే తీసిన) ఆయిల్‌ని కూడా సింథటిక్ అనొచ్చని తేలింది. అప్పటి నుంచి ఆ మాట కింద రకరకాలవి వస్తున్నాయి. కాబట్టి అంకెలే చూడండి.

"సింథటిక్ పోస్తే సీళ్లు లీకవుతాయి" అనే భయానికి ఒకప్పుడు ఆధారం ఉంది. తొలినాళ్ల పీఏఓ (పాలీఆల్ఫాఓలెఫిన్ అనే సింథటిక్ రకం) ఆయిళ్లు రబ్బరు సీళ్లని కాస్త ముడుచుకునేలా చేసేవి. ఇప్పుడు ఎస్టర్లు కలిపి దాన్ని సరిచేశారు. అయినా ఏళ్ల తరబడి మినరల్ మీద నడిచి, లోపల మడ్డి పేరుకున్న ఇంజన్లో సింథటిక్ పోస్తే, అది ఆ మడ్డిని కడిగేసి, అప్పటిదాకా మడ్డి మూసి ఉంచిన లీకుని బయటపెట్టొచ్చు. కొత్త లీకు కాదు, పాతదే. వెనకటి ఓనరు ఏం పోశాడో తెలియని బండికి నేనైతే ముందు సెమీ సింథటిక్‌తో మొదలుపెడతాను. సీళ్లు గట్టిపడి కొద్దిగా చెమ్మగిల్లుతున్న బండికి "హై మైలేజ్" ఆయిల్ పనికొస్తుంది, అందులో సీళ్లని మెత్తబరిచేవి ఉంటాయి. బొట్లు బొట్లుగా కారుతుంటే మాత్రం సీలు మార్చాల్సిందే.

ఏడో అడుగు: చిక్కటి ఆయిల్ అవసరమా కాదా, కొలిచి తేల్చండి

ఇప్పుడు మొదట్లో చెప్పిన సలహా దగ్గరికి వద్దాం. పాత ఇంజన్లో బేరింగుల మధ్య సందు పెరిగి ఉండొచ్చు, నిజమే. ఉండకపోనూ వచ్చు. డాష్‌బోర్డులోని ఆయిల్ ప్రెషర్ ముల్లుని నమ్మకండి, పాత కార్లలో అది ఉజ్జాయింపుకే. సెండర్ (ప్రెషర్‌ని డాష్‌బోర్డుకి చెప్పే సెన్సర్) విప్పి ఆ కన్నంలో మెకానికల్ గేజ్ బిగించండి, అరగంట సేపు బండి తోలి ఆయిల్‌ని పూర్తిగా వేడెక్కించండి, తర్వాత ఐడిల్‌లో ఒక రీడింగు, 2000 దగ్గర ఒకటి, 4000 దగ్గర ఒకటి రాసుకోండి. సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెలతో పోల్చండి. అవి దొరక్కపోతే మెకానిక్కులు వాడే మోటు లెక్క వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ.

అంకెలు సరిగ్గా ఉంటే, ఓడోమీటర్ ఎంత చూపించినా గ్రేడు పెంచకండి. ప్రెషర్ ఎక్కువ చూపించడం అంటే ఆయిల్ ఎక్కువ పారుతోందని కాదు. గేజ్ చూపించేది ఆయిల్‌కి ఎదురయ్యే అడ్డు. పంపు ఒక చుట్టుకి ఇంత అని తోస్తుంది, చిక్కటి ఆయిల్ బేరింగుల్లోంచి వెళ్లలేక ప్రెషర్ పెరుగుతుంది, రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, పంపు తోసినదాంట్లో కొంత బేరింగు ముఖం చూడకుండానే సంప్‌లోకి తిరిగిపోతుంది. గేజ్ చూసి మీకు సంతోషం, బేరింగుకి మాత్రం ఆయిల్ తగ్గింది, వేడి పెరిగింది.

వేడెక్కాక ప్రెషర్ మాన్యువల్ హద్దు కంటే కొంచెం తక్కువ ఉంటే ఒక మెట్టు ఎక్కండి, 30 నుంచి 40కి, లేదా 40 నుంచి 50కి. ఒక్క మెట్టే. ముల్లు దాదాపు పడిపోతుంటే, లేక కింద నుంచి దబదబ చప్పుడు వస్తుంటే, అది ఆయిల్‌తో నయమయ్యేది కాదు, సంప్ దించి బేరింగులు చూడాల్సిందే. బండిని ట్రాక్ మీదకి తీసుకెళ్లేవాళ్లకి లెక్క వేరు. అక్కడ ఆయిల్ 120, 130 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఒక మెట్టు ఎక్కడానికి కారణం ఉంది, దానికంటే ముందు ఆయిల్ కూలర్ పెట్టించడానికి ఇంకా పెద్ద కారణం ఉంది.

ఆయిల్ తాగుతోందా? గరిష్ఠ గీత దాకా పోసి, వెయ్యి కిలోమీటర్లు తోలి, మళ్లీ ఆ గీతకి రావడానికి ఎంత పట్టిందో కొలవండి. వెయ్యికి లీటరు దాకా మామూలే అని రాసిన మాన్యువల్స్ ఉన్నాయి, అది కంపెనీల ఉదారత అనుకోండి. పొద్దున స్టార్ట్ చేయగానే నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ స్టెమ్ సీళ్ల మీద అనుమానం, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తూనే ఉంటే పిస్టన్ రింగుల మీద. రెంటికంటే ముందు పీసీవీ వాల్వు (ఇంజన్ అడుగున పోగయ్యే ఆవిర్లని తిరిగి దహనానికి పంపేది) చూడండి. అది చవక, మూసుకుపోతే ఆయిల్ తాగుడు అమాంతం పెరుగుతుంది. ఇవేవీ చూడకుండా 20డబ్ల్యూ-50 పోసి పొగ తగ్గిందని మురిసిపోవడమే నేను మొదట చెప్పిన కప్పిపెట్టడం.

ఎనిమిదో అడుగు: కొనండి, మార్చండి, ఫిల్టర్ కోసి చూడండి

ఇంతా చేశాక చాలామంది చేరే చోటు ఇలా ఉంటుంది. 1960, 70ల పుష్‌రాడ్ ఇంజన్‌కి జింక్ తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 లేదా 15డబ్ల్యూ-40. 1980, 90ల యూరప్ కూపేకి ఏ3/బీ4 ఉన్న 10డబ్ల్యూ-40 లేదా 5డబ్ల్యూ-40. అదే కాలం జపనీస్ ట్విన్ క్యామ్‌కి 5డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-30, ఎండలు ఎక్కువైతే మాన్యువల్ ఒప్పుకున్నంతలో 40. ఇవి మొదలుపెట్టే చోట్లు మాత్రమే, మీ పట్టీ, మీ గేజ్ వేరేగా చెబితే వాటి మాటే వినండి. ఈ హద్దుల్లో ఉన్న రెండు మూడు బ్రాండుల్లో ఏది నకిలీ భయం లేకుండా, ఎప్పుడూ దొరుకుతుందో అది తీసుకోండి. నకిలీ ఆయిల్ ముందు ఈ లెక్కలన్నీ గాలికిపోతాయి.

చరిత్ర తెలియని బండికి ఘాటైన ఇంజన్ ఫ్లష్ పోయకండి. ఊడిన మడ్డి, పంపు ఆయిల్ పీల్చుకునే పికప్ జాలీకి అడ్డం పడితే ఆయిల్ పైకే ఎక్కదు. దానికి బదులు మొదటి ఆయిల్‌ని 1500, 2000 కిలోమీటర్లకే దించేయండి, రెండోది కూడా తొందరగానే మార్చండి, మంచి ఆయిల్‌లోని డిటర్జెంటే నిదానంగా శుభ్రం చేస్తుంది. ఆ తర్వాత ఏడాదికోసారి లేదా ఏడెనిమిది వేల కిలోమీటర్లకి, ఏది ముందైతే అది. బండి షెడ్డులోనే ఉంది, తిరగలేదు కదా అని ఏడాది దాటించకండి. చిన్న చిన్న దూరాలు తిరిగి ఆగే బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, నీటి ఆవిరీ పెట్రోలూ అందులోనే ఉండిపోతాయి. కార్బ్యురేటర్ బండి అయితే డిప్‌స్టిక్ వాసన చూడండి, పెట్రోలు వాసన గట్టిగా వస్తే ముందు కార్బ్యురేటర్ సంగతి చూసి తర్వాత ఆయిల్ మార్చండి. చలికాలమంతా ఆపేసే బండికి ఆపే ముందే కొత్త ఆయిల్ పోయండి, వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు నెలల తరబడి బేరింగుల మీద కూర్చోకుండా.

ఫిల్టర్ దగ్గర పీనాసితనం వద్దు. లోపల యాంటీ-డ్రెయిన్‌బ్యాక్ వాల్వు సిలికాన్‌ది అయితే మంచిది. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో బిగించే ఇంజన్లలో అది సరిగ్గా లేకపోతే రాత్రికి రాత్రి ఆయిల్ కిందికి జారి, పొద్దున రెండు మూడు సెకన్లు టకటకమంటుంది. ఆ చప్పుడు విని ఆయిల్ గ్రేడుని తిట్టేవాళ్లు చాలామంది.

పాత ఫిల్టర్‌ని పారేయకుండా కోయండి. హ్యాక్‌సా వద్దు, దాని రజను లోపల పడి ఏది ఇంజన్‌దో ఏది రంపానిదో తెలియదు. ఫిల్టర్ కట్టర్ దొరుకుతుంది. మడతల కాగితాన్ని బయటికి తీసి, ఆయిల్ ఓడ్చి, తెల్లటి గుడ్డ మీద పరిచి వెలుతురులో అటూ ఇటూ తిప్పండి. సన్నటి బూడిదరంగు పొడి మామూలే. మెరిసే తునకలు కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, క్యామో టాపెట్లో రింగులో అనుకోవాలి. అంటుకోకుండా రాగి రంగులో మెరుస్తుంటే బేరింగు పైపొర అరిగి లోపలి పొర బయటపడుతోందన్నమాట. అలాంటప్పుడు ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపించడం మంచిది. ఇనుము, రాగి, సీసం ఎంత ఉన్నాయో, కూలెంట్ కలుస్తోందా అనేది సోడియం, పొటాషియం బట్టి, దుమ్ము వెళ్తోందా అనేది సిలికాన్ బట్టి చెబుతారు. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం కూడా ఇస్తారు. మీరు పోసిన 40 ఆయిల్ 12 కంటే కిందికి జారి ఉంటే పెట్రోలు కలుస్తోందనో, పాలిమర్లు తెగిపోయాయనో అర్థం. పెట్రోలు శాతం కూడా అదే రిపోర్టులో ఉంటుంది కాబట్టి రెంట్లో ఏదో తేలిపోతుంది. ఒక్క రిపోర్టు చూసి ఆయిల్ మార్చేయకండి. అదే ఆయిల్‌తో, దాదాపు అదే దూరానికి ఇంకో రిపోర్టు తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టుకున్నాకే గ్రేడు సంగతి ఆలోచించండి.